మెషిన్ ఆగాక

రిపేరు షాపు,
జూన్ 6

బావగారికి నమస్కారాలు.

ఫోన్లో చెబుదామంటే మీరు "ఆఁ? ఏమిటీ?" అనడం, నేను షాపు అదిరిపోయేలా అరవడం, చివరికి అక్క ఫోన్ లాక్కుని "మీ ఇద్దరికీ ఓ దణ్ణం, ఉత్తరాలు రాసుకోండి" అనడం మామూలైపోయింది. అందుకే ఆవిడ మాట వింటున్నాను. మీకూ అక్షరాలంటేనే ఇష్టం కదా, నలభై ఏళ్ళు ప్రెస్సులో మెషిన్ తిప్పిన చెయ్యి.

పోయిన నెల మీ ఇంటికి వచ్చినప్పుడు పెరడు చూసి నాకు నోట మాట రాలేదు. గడ్డి మోకాళ్ళు దాటింది. కంచె మొక్కలు పక్కింటివాళ్ళ కిటికీలోకి తొంగిచూస్తున్నాయి. ప్రతి ఆదివారం పెట్రోలు మెషిన్ భుజాన తగిలించుకుని పెరడంతా నున్నగా గీసి పెట్టే మనిషి పెరడేనా ఇది అనుకున్నాను. మెషిన్ ఏదని అడిగితే "పాత ఇనుముకి వేసేశాను" అని మాట మార్చారు. అక్క పడి తుంటి ఎముక విరిగి ఐదు నెలలైంది, మీకు తీరిక చిక్కలేదంటే ఒప్పుకుంటాను. కానీ లక్షణంగా నడిచే మెషిన్ని ఇనుముకెందుకు వేశారు?

సరే, పోయింది పోయింది. ఇవాళ ఒక పార్సిల్ పంపాను. అందులో గడ్డి కోసేది ఒకటి, కంచె మొక్కలు కత్తిరించేది ఒకటి, రాలిన ఆకులు ఊదేది ఒకటి ఉన్నాయి. అన్నీ బ్యాటరీ మెషిన్లే. వైరు లేదు, పెట్రోలు లేదు, తాడు లాగి లాగి భుజం పడిపోవడం లేదు. రెండు బ్యాటరీలు, ఒక చార్జర్. ఒకే బ్యాటరీ మూడింటికీ సరిపోతుంది, దాంట్లోంచి తీసి దీంట్లో టక్కున పెట్టుకోవడమే. కొత్తవే లెండి, నా షాపులో బతికించిన అతుకుల బొంతలు కావు.

మొదటిసారి చార్జర్ మీద పచ్చ లైటు నిలకడగా వెలిగేదాకా ఆగండి. ఏ మెషిన్లో అయినా చెయ్యి పెట్టాల్సి వస్తే ముందు బ్యాటరీ ఊడదీయండి. ఇవి ఊరికే ఉన్నప్పుడు కిక్కురుమనవు, ఆగిపోయాయనుకుని జనం వేలు పెడతారు. పోయిన వారమే అలాంటి వేలొకటి కట్టు కట్టుకుని నా షాపుకొచ్చింది.

అక్కని అడిగానని చెప్పండి.

మీ బావమరిది


ముందుగది, మీ అక్క మంచం పక్కన కుర్చీ,
జూన్ 15

బావమరిదికి ఆశీస్సులు.

పార్సిల్ చేరింది. తెచ్చినవాడు ఒగరుస్తూ దించి, "ఏముంది సార్ ఇందులో, ఇంత బరువుంది?" అన్నాడు. "నా బావమరిది ప్రేమ" అన్నాను. సంతకం పెట్టించుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

విప్పలేదు. కోపం తెచ్చుకోకు. మీ అక్క మంచం కింద భద్రంగా ఉంది, రోజూ తుడుస్తున్నాను.

గడ్డి పెరిగితే పెరిగింది, ఇంటికి చల్లగా ఉంది. కొత్త పిట్టలేవో చేరాయి. మీ అక్క కిటికీలోంచి వాటిని చూసి పేర్లు పెడుతోంది, అందులో ముక్కు పొడుగున్నదానికి నీ పేరు పెట్టింది. పైగా చప్పుడు చేయని మెషిన్ అంటే నాకు నమ్మకం కుదరదయ్యా. ప్రెస్సులో చప్పుడుంటేనే పని నడుస్తున్నట్టు. నడుస్తున్న మెషిన్ ఠక్కున ఆగిందంటే చేతిలో టీ గ్లాసులు ఎక్కడివక్కడ పెట్టి పరిగెత్తేవాళ్ళం. ఎవరికో ఏదో అయిందన్నమాటే. ఆ చప్పుడుకే నా ఎడమ చెవి అప్పగించి వచ్చాను. కుడిది ఎలాగో మిగిలింది.

అవన్నీ అలా ఉంచు. నేను పెరట్లోకి వెళితే మీ అక్క దగ్గర ఎవరుంటారు? ఆవిడకి మంచినీళ్ళు కావాలన్నా, దిండు సర్దాలన్నా నేనే కదా. గడ్డిదేముంది, ఎక్కడికీ పోదు.

నీ మనసు నాకు తెలుసు. వేరే అనుకోవద్దు.

నీ బావ


రిపేరు షాపు,
జూన్ 23

బావగారికి,

నీళ్ళు నమలకండి. నిన్న అక్క ఫోన్ చేసింది. ఎక్కడినుంచనుకున్నారు, బాత్‌రూంలోంచి. గుసగుసగా మాట్లాడింది. ఇంట్లో ఆవిడ ఒక్కర్తే ఉండగలిగే చోటు అదొక్కటేనట. అక్కడ కూడా మీరు తలుపు బయట నిలబడి నిమిషానికోసారి "ఉన్నావా?" అంటున్నారట. "ఉండక గొట్టంలోంచి జారిపోతానా?" అని ఆవిడ గోల.

నవ్వే సంగతి కాదు బావగారూ. డాక్టరు ఏమన్నాడో మీరు నాకు రాయలేదు, అక్క చెప్పింది. ఈ మూడు నెలల్లో ఆవిడ రోజూ ఆరుబయట తిన్నగా నడవాలి. నడవకపోతే కీలు బిగుసుకుపోతుంది, ఇక జన్మంతా వాకరే. ఇంట్లో గుమ్మాలూ మలుపులూ తప్ప తిన్నటి నేలే లేదు. మీ పెరట్లో వరండా మెట్టు నుంచి వెనక గోడ దాకా ముప్పై అడుగుల సిమెంటు బాట ఉంది. అంటే, ఒకప్పుడు ఉండేది. ఇప్పుడు గడ్డి కింద ఎక్కడుందో వెతుక్కోవాలి.

నేను పంపిన పనివాణ్ణి గేటు దగ్గరే పంపించేశారట, "నా పెరడు నేనే చేసుకుంటాను" అని. మరి చేసుకోండి! మంచం కింద పెట్టి తుడవడానికా నేను పంపింది? బ్యాటరీలు ఊరికే పడి ఉంటే పాడైపోతాయి. కనీసం ఒకసారి చార్జింగ్ పెట్టండి.

ఒక మాట అడుగుతాను. ఏదో ఉంది, మీరు నాకు చెప్పడం లేదు. ఏమిటది?

మీ బావమరిది


ముందుగది,
జూలై 1

బావమరిదికి,

మీ అక్క నిద్రపోతోంది. అందుకని రాయగలుగుతున్నాను.

ఆ ఆదివారం పొద్దున నేను పెరట్లో గడ్డి కోస్తున్నాను. పెట్రోలు మెషిన్ చప్పుడు నీకు తెలియనిది కాదు, చెవులకి చప్పుడు ఆపే డిప్పలు పెట్టుకోకపోతే తల పగిలిపోతుంది. ప్రెస్సులోంచి తెచ్చుకున్న డిప్పలే, అవి పెట్టుకుని నా మానాన నేను కోసుకుంటూ పోయాను. పని అయ్యాక మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాను. మీ అక్క నేల మీద ఉంది. అప్పటికి నలభై నిమిషాలైంది ఆవిడ పడి. గడియారం చూస్తూ పడుకుంది, అందుకని లెక్క తెలుసు. నన్ను పిలిచి పిలిచి గొంతు పోయింది. నన్ను చూసి మాట్లాడబోతే గాలే వచ్చింది తప్ప మాట రాలేదు.

అందరికీ "పడింది, ఆసుపత్రికి తీసుకెళ్ళాం" అని చెప్పాను. నలభై నిమిషాల సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆవిడా చెప్పలేదు. పదిహేను అడుగుల దూరంలో మొగుడుండగా పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకుందని ఎలా చెప్పను?

మర్నాడే ఆ మెషిన్ని ఇనుముకి వేసేశాను. ఇప్పుడు ఆవిడ కేక అందనంత దూరం వెళ్ళాలంటే కాళ్ళు చేతులు ఆడవు. నీ మెషిన్లు మంచివే అయ్యుండొచ్చు. నేనే మంచివాణ్ణి కాదు.

ఈ ఉత్తరం మీ అక్కకి చూపించకు.

నీ బావ


రిపేరు షాపు,
జూలై 8

బావగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇన్నాళ్ళూ ఇంత బరువు ఒక్కరే ఎలా మోశారు? మొదటి రోజే నాకు చెప్పకూడదూ?

ఇందులో మీ తప్పేముంది బావగారూ. అది మెషిన్ తప్పు. నా షాపులో పెద్ద గ్రైండర్ వేస్తే పక్కనున్న ఫోన్ మోగినా నాకు వినిపించదు, మరి నేను చెడ్డవాణ్ణా? చెవులు కాపాడుకోవడానికి డిప్పలు పెట్టుకున్నారు, అంతే.

అసలు ఈ బ్యాటరీ మెషిన్ల గొప్పదనమే అది. గడ్డి కోసేదాన్ని పూర్తి వేగంలో పెట్టినా ఓ టేబుల్ ఫ్యాను పాత పడితే ఎంత చప్పుడు చేస్తుందో అంతే చేస్తుంది. మీట మీద వేలు తీశారా, అక్కడికక్కడ ఆగుతుంది. ఇంట్లో పాలు పొంగితే పెరట్లో తెలుస్తుంది, ఒట్టు. అక్కని వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టండి. మీరు కోస్తుంటే ఆవిడ వంకలు పెడుతూ ఉంటుంది, ఇద్దరికీ కాలక్షేపం.

ఇంకోటి కూడా చెబుతాను, దీంతో మీకు ధైర్యం వస్తుంది. బ్యాటరీ ఒకటి అరగంటే వస్తుంది. అరగంటకోసారి మెషిన్ దానంతటదే ఆగుతుంది. మెషిన్ ఆగితే మీరెలాగూ చార్జింగ్ పెట్టడానికి లోపలికి వెళతారు కదా, అప్పుడు అక్కని చూసి రావచ్చు. మిమ్మల్ని లోపలికి పంపించడానికే తయారుచేసినట్టు లేదూ?

ఒక్క బాట చాలు. ముప్పై అడుగులు. అక్క కోసం.

మీ బావమరిది


వరండా,
జూలై 19

బావమరిదికి,

పెట్టె విప్పాను. పచ్చ లైటు వెలిగేదాకా ఆగాను. నువ్వు చెప్పినట్టే మీ అక్కని వరండాలో కూర్చోబెట్టాను. ఆవిడ మహారాణిలాగా కర్ర పట్టుకుని కూర్చుని, "ఆ మూల నుంచి మొదలుపెట్టండి, కాదు, ఈ మూల" అని మొదలుపెట్టింది. నాకూ ఆర్నెల్ల తర్వాత కాస్త ఊపిరాడినట్టయింది.

మెషిన్ నువ్వన్నట్టే ఉంది. తేలిక. కంపనం లేదు. గడ్డి తడిగా ఉన్నచోట మెషిన్ తలకాయకి చుట్టుకుంటోంది, బ్యాటరీ తీసి శుభ్రం చేసి మళ్ళీ పెట్టాను. పది అడుగుల బాట బయటపడింది. సిమెంటు కనబడగానే, నిజం చెబుతున్నాను, ముచ్చటేసింది. ఎంత నిశ్శబ్దంగా ఉంది ఈ మెషిన్ అని ఆశ్చర్యపోతూ కోసుకుపోతున్నాను. పాత టేబుల్ ఫ్యాను అన్నావు, నాకు ఆ మాత్రం చప్పుడు కూడా వినిపించలేదు.

ఎందుకో తలెత్తి చూశాను. మీ అక్క కుర్చీలోంచి ముందుకి వంగి ఉంది. నోరు ఆడుతోంది. మాట వినిపించడం లేదు.

చెవుల మీద చెయ్యి పెట్టుకుంటే డిప్పలున్నాయి.

ఎప్పుడు పెట్టుకున్నానో నాకు తెలియదు. మేకుకి తగిలించి ఉండేవి, మెషిన్ పట్టుకునే ముందు చెయ్యి వాటి మీదికి వెళ్ళిపోయింది. నలభై ఏళ్ళ అలవాటు. తీస్తే, "తీగ గులాబీ! తీగ గులాబీ కోసేస్తున్నారు!" అని అరుస్తోంది. అప్పటికే మొదలుకంటా కోసేశాను. ఆవిడ నెత్తి కొట్టుకుని, నా మొహం చూసి పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మెషిన్ అక్కడే వదిలేసి లోపలికి వచ్చి కూర్చున్నాను.

నువ్వు రాసిన మాటొకటి వారం రోజులుగా నన్ను తినేస్తోంది. "మెషిన్ ఆగితే మీరెలాగూ లోపలికి వెళతారు కదా" అన్నావు. వెళ్ళలేదయ్యా. పోయిన ఉత్తరంలో నీకు సగమే రాశాను.

ఆ ఆదివారం నేను నలభై నిమిషాలు గడ్డి కోయలేదు. ఇరవై నిమిషాలకే పెట్రోలు అయిపోయింది, మెషిన్ ఆగిపోయింది. నేను బకెట్ బోర్లించుకుని నిమ్మచెట్టు కింద కూర్చున్నాను. డిప్పలు తీయలేదు. పొద్దున మీ అక్కకీ నాకూ ఏదో మాట వచ్చింది, ఏమిటో ఇప్పుడు గుర్తు లేదు. లోపలికి వెళితే మళ్ళీ మొదలవుతుందనిపించింది. డిప్పల్లో ఎంతో ప్రశాంతంగా ఉంది. కావాలనే ఉంచుకున్నాను. ఇరవై నిమిషాలు. డిప్పలు తీసి ఉంటే, మెషిన్ ఆగాక ఆవిడ వేసిన మొదటి కేకే వినపడేది.

నువ్వు మెషిన్ తప్పన్నావు. మెషిన్‌ని ఇనుముకి వేసి నేనూ అదే అనుకోవాలని చూశాను. మెషిన్ ఆగితే పరిగెత్తాలని నలభై ఏళ్ళు నేర్చుకున్నవాణ్ణి నేను.

నీ బావ


రిపేరు షాపు,
జూలై 27

మీ ఉత్తరం అందింది.

షాపులో నిలబడి చదివాను. గిరాకీ వాళ్ళుంటే పంపించేసి షట్టర్ సగం దించాను.

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. రెండు జడలు వేసుకునే వయసులో నన్ను చంకనేసుకుని తిరిగింది. నేను ఎక్కడ ఆడుకుంటున్నా "తమ్ముడూ" అంటే చాలు, చేతిలో ఏదున్నా పడేసి పరిగెత్తేవాణ్ణి. ఆవిడ రెండోసారి పిలవాల్సి వచ్చేది కాదు. ఆ గొంతు పోయేదాకా పిలిచిందంటే, మీరు అక్కడే, చెట్టు నీడలో, కావాలని చెవులు మూసుకుని కూర్చున్నారంటే నేను తట్టుకోలేకపోతున్నాను. ఏదో మాట వచ్చిందన్నారు. ఏ మాటైతే మాత్రం?

మిమ్మల్ని ఓదారుస్తూ రాసిన నా పోయిన ఉత్తరం గుర్తొస్తే ఒళ్ళు మండుతోంది.

అక్కకి ఈ సంగతి తెలుసా? తెలియకపోతే మీరే చెప్పండి. వచ్చే నెల పదిహేనులోగా మీరు చెప్పకపోతే నేను వచ్చి చెబుతాను. ఆవిడకి తెలియాలి.

ఇంతకంటే రాయలేను.


వరండా, నా కుర్చీ,
ఆగస్టు 12

తమ్ముడికి,

బాగున్నావా? నా అక్షరాలు కోడి కెలికినట్టుంటాయని మీ బావ అంటారు, ఓపిగ్గా చదువుకో.

మీ బావ నాకు చెప్పారు. నీ ఉత్తరం వచ్చిన మర్నాడే, నాకు మందులిచ్చి, గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడి మొత్తం చెప్పారు. చెప్పాక, "ఇప్పుడు నీ ఇష్టం" అన్నారు, నేనేదో జడ్జినైనట్టు.

తమ్ముడూ, నాకు ముందే తెలుసు.

వంటింట్లోంచి పెరట్లోకి వెళ్ళే తలుపు కింద ఇంత సందు ఉంటుంది. నేను నేల మీద పడి ఉన్నాను, నా కళ్ళు ఆ సందుకి సరిగ్గా ఎదురుగా ఉన్నాయి. మెషిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నేల మీద ఉన్న నాకు ఆ సంగతి వినిపించదా? హమ్మయ్య, వచ్చేస్తారు అనుకున్నాను. రాలేదు. బకెట్ బోర్లించిన చప్పుడైంది. ఆయన బూట్లు కనిపించాయి. కాలు మీద కాలు వేసుకున్నారు, పైనున్న బూటు మెల్లిగా ఊగుతోంది. అంటే మనిషి హాయిగా ఉన్నారన్నమాట. ఆ బూటుని చూస్తూ ఇరవై నిమిషాలు పిలిచాను.

ఎందుకు బయటపెట్టలేదని అడుగుతావు. ప్రేమతో అని చెబితే నువ్వు నమ్మేస్తావు కానీ, అబద్ధం. కోపంతో. కుర్చీ నా మంచానికి అంటించుకుని కాపలా కాస్తుంటే, కాయనీ అనుకున్నాను. ఎప్పుడైనా అవసరం పడుతుందని ఆ ఇరవై నిమిషాలు కొంగున ముడేసుకుని ఉంచాను. ఆ కోపం రెండు నెలలకే కరిగిపోయింది. అప్పటికి ఆయన ఎంత నలిగిపోయి ఉన్నారంటే, ఇప్పుడు చెబితే మనిషి ఏమైపోతారోనని భయమేసింది. అలా ఒకరికి తెలియకుండా ఒకరం అదే సంగతి దాచుకుని, ఒకే గదిలో కూర్చుని, నువ్వు పంపిన పెట్టె వంక చూస్తూ బతికాం.

ఇంకోటి. ఆ పొద్దున ఏ మాట వచ్చిందో గుర్తులేదని నీకు రాశారట. ఆయనకి బాగా గుర్తుంది, నన్ను కాపాడుతున్నారు. ఆయన రిటైరైన కొత్త. వంటింటి డబ్బాలన్నీ దించి అక్షరాల వరసలో సర్దుతుంటే విసుగొచ్చి, "మీరు ప్రెస్సుకి వెళ్ళినన్నాళ్ళే నయం, ఈ ఇంట్లో మీకు చోటెక్కడుందో నాకు తెలియడం లేదు" అన్నాను. ఆయన ఒక్క మాట మాట్లాడకుండా మెషిన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళారు. నేల మీద పడి ఉన్నప్పుడు, బూటు చూస్తూ, నేననుకున్నది కూడా అదే. ఆ చోటు నేనే చూపించానని.

నీకు నవ్వొచ్చే సంగతి చెప్పనా? ఆయన చెప్పడం అయ్యాక, "ఏవీ ఆ డిప్పలు, ఇలా తెండి" అన్నాను. పెట్టుకున్నాను. ఒరేయ్ తమ్ముడూ, ఎంత హాయిగా ఉందిరా! ఎదురుగా మీ బావ క్షమాపణలు చెబుతున్నారు, నోరు ఆడుతోంది, మాట లేదు. వీధి లేదు, ఫ్యాను లేదు, కాలి నొప్పి కూడా కాస్త దూరం జరిగినట్టుంది. తీయబుద్ధి కాలేదు. ఐదు నిమిషాలు ఉంచుకున్నాను. తీసేసరికి మొత్తం మళ్ళీ మొదటినుంచి చెప్పించాల్సి వచ్చింది. అప్పుడు ఇద్దరికీ నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

ఆయన మంచివారని నేను నీకు నచ్చజెప్పడం లేదు. నాకు దెబ్బ తగిలింది, అది పోదు. కానీ తగిలింది నాకు, నీకు కాదు. నా తరఫున నువ్వు కోపం తెచ్చుకుంటే నేను ఇద్దరికి సర్దిచెప్పుకోవాలి, కుంటి కాలుతో. ఆయనకి నువ్వు తప్ప రాసుకునేవాళ్ళు ఎవరూ లేరు. రోజూ గేటు దగ్గర ఉత్తరాల పెట్టె తెరిచి చూసి మూస్తున్నారు.

ఉత్తరం రాయి. పైన సంబోధన పెట్టి రాయి.

మీ అక్క


రిపేరు షాపు,
ఆగస్టు 20

బావగారికి, మా అక్క ఆజ్ఞ ప్రకారం పైన రాసిన సంబోధనతో,

నమస్కారాలు.

అక్క ఉత్తరం అందాక మీకు ఇలా రాయడానికి ఐదు రోజులు పట్టింది. నిన్నటిదాకా రాయకూడదనే అనుకున్నాను. నిన్న ఏమైందో చెబుతాను.

మధ్యాహ్నం ఒక పంపు మోటారు విప్పి షాఫ్టు నూరుతున్నాను. పని అయిపోయింది, గ్రైండర్ ఆపాను. చెవుల్లో దూది పెట్టుకుంటాను కదా, అది తీయకుండా అలాగే స్టూలు మీద కూర్చున్నాను. ఊరికే. ఎంతసేపు కూర్చున్నానో. మీ చెల్లెలు, అదే మా ఆవిడ, లోపలి తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. "పావుగంట నుంచి పిలుస్తున్నాను, మెషిన్ ఆగిందిగా?" అంది. "ఎప్పుడూ ఇలాగే చేస్తానా?" అని అడిగాను. "ఇరవై ఏళ్ళ నుంచీ" అంది. నవ్వుతూనే అందనుకోండి. లోపల ఎవరూ పడలేదు కాబట్టి సరిపోయింది, అంతే తేడా.

నాకు మీ మీద కోపం పూర్తిగా పోలేదు. అబద్ధం చెప్పను. కానీ మీతో మాట్లాడకుండా ఉండలేను, అది అంతకంటే నిజం.

ఇక అసలు పని. గడ్డి కోసేదాంట్లో తిరిగే నైలాన్ తీగ అయిపోయి ఉంటుంది, కొత్త చుట్ట పంపుతున్నాను. తడిగడ్డి మీద వాడకండి, ఎండ వచ్చి రెండు గంటలయ్యాక మొదలుపెట్టండి. కంచె కత్తిరించేదాని పళ్ళకి నెలకోసారి రెండు చుక్కలు నూనె వేయండి. బ్యాటరీ వేడిగా ఉన్నప్పుడు వెంటనే చార్జింగ్‌కి పెట్టకూడదు, పావుగంట చల్లారనివ్వాలి. ఆ పావుగంట మీరేం చేయాలో నేను చెప్పను.

డిప్పల సంగతి ఏం చేశారు?

మీ బావమరిది


పెరడు, బోర్లించిన బకెట్ మీద,
సెప్టెంబరు 9

బావమరిదికి ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ అక్క చదివి వినిపించింది. సంబోధన రెండుసార్లు చదివింది.

బాట మొత్తం బయటపడింది. మూడు ఆదివారాలు పట్టింది, ముప్పై అడుగులకి ఎవరైనా మూడు ఆదివారాలు తీసుకుంటారా అని నువ్వు నవ్వుతావు. అరగంట కోస్తాను, బ్యాటరీ అయిపోతుంది. చల్లారనిచ్చి చార్జర్‌కి పెడతాను. ఆ పావుగంట మీ అక్క పక్కన కూర్చుంటున్నాను. మొదట్లో ఇద్దరం చల్లారే బ్యాటరీ వంకే చూస్తూ కూర్చునేవాళ్ళం, కొత్త పెళ్ళికూతురూ పెళ్ళికొడుకులాగా. ఇప్పుడు ఏదో ఒకటి మాట్లాడుకుంటున్నాం. నిన్న డబ్బాల గురించి మళ్ళీ పోట్లాడుకున్నాం. నేను పెరట్లోకి పోలేదు, అక్కడే కూర్చుని పోట్లాట పూర్తిచేశాను. ఆవిడే గెలిచింది.

మీ అక్క వాకర్ వదిలేసింది. కర్రతో వెనక గోడ దాకా వెళ్ళి, గోడ తాకి వస్తుంది. రోజుకి నాలుగుసార్లు. నేను వెంట నడవడానికి వీల్లేదు, ఒట్టు వేయించుకుంది. బాత్‌రూం తలుపు దగ్గర నిలబడటం కూడా మానేశాను. అది అన్నిటికంటే కష్టమైంది. తీగ గులాబీ మొదలు దగ్గర చిగురు వేసింది, కాబట్టి ఆ కేసు కొట్టేశారు.

డిప్పలు మీ అక్క తీసేసుకుంది. మధ్యాహ్నం నేను రేడియో పెడితే అవి పెట్టుకుని పడుకుంటుంది.

ఇవాళ కంచె మొక్కలు మొదలుపెట్టాను. నా ఎడమ చెవి సంగతి తెలుసుగా, అందుకని కంచెకి అటు చివర నుంచి కత్తిరించుకుంటూ వస్తున్నాను, కుడి చెవి ఇంటివైపు ఉండేలాగా. మీ అక్క వరండాలో ఉంది. మెషిన్ నడుస్తోంది, ఆకులు రాలుతున్నాయి. నేను ఆవిడ వైపు చూడటం లేదు.

"ఏమండీ."

గట్టిగా కూడా అనలేదు. పక్క గదిలో ఉన్నవాణ్ణి పిలిచినట్టు అంది. నేను మీట మీద వేలు తీశాను, పళ్ళు అక్కడికక్కడ ఆగాయి.

"ఏమిటి?" అన్నాను.

"ఏం లేదు. పిలిచి చూశాను."

మళ్ళీ మొదలుపెట్టాను. కాసేపయ్యాక మళ్ళీ, "ఏమండీ." ఆపాను. "ఏం లేదు" అంది. అలా ఎన్నిసార్లు పిలిచిందో నేను లెక్కపెట్టలేదు, పిలిచిన ప్రతిసారీ ఆపాను. చివరికి ఆవిడకే నవ్వొచ్చి, "సరే, ఇక మీ పని మీరు చేసుకోండి" అని కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలింది.

బ్యాటరీ ఇంకా సగం ఉంది. నేను మాత్రం చాలాసేపు మెషిన్ మొదలుపెట్టకుండా అలాగే నిలబడ్డాను, ఇంకోసారి పిలుస్తుందేమోనని.

నీ బావ